10 హెచ్‌పీ మోటార్ ఎన్ని ఆంప్స్ లాగుతుంది?

గుంటూరులో కారం మిల్లుకి 10 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్ పెడుతున్నాం, కరెంట్ ఎంత లాగుతుందని అడిగారు. ఫుల్ లోడ్ మీద సుమారు 14 ఆంప్స్.

10 హెచ్‌పీ అంటే 7,460 వాట్లు. కానీ అది షాఫ్ట్ దగ్గర వచ్చే పవర్. లైన్ నుంచి తీసుకునేది ఇంకాస్త ఎక్కువ. చాలామంది ఈ ఎఫిషియెన్సీ (లైన్ నుంచి తీసుకున్న పవర్‌లో షాఫ్ట్‌కి చేరే వంతు) సంగతి వదిలేసి, ఆంప్స్ తక్కువ వేసుకుంటారు. ఎఫిషియెన్సీ 0.88 అనుకుంటే, 7,460ని దాంతో భాగించాలి. దాదాపు 8,480 వాట్లు వస్తుంది. ఇప్పుడు త్రీఫేజ్ లెక్కలో వచ్చే 1.732 (3 వర్గమూలం), లైన్ వోల్టేజ్ 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంప్స్ లెక్కలో నిజంగా పవర్‌గా మారే వంతు) 0.85, ఈ మూడూ గుణిస్తే 611. దాంతో 8,480ని భాగిస్తే 13.9.

ఇంట్లో సింగిల్ ఫేజ్‌కైతే 1.732 అక్కర్లేదు. గీజర్‌కి పవర్ ఫ్యాక్టర్ కూడా 1 కిందే లెక్క. 2,000 వాట్లని 230తో భాగిస్తే 8.7 ఆంప్స్, అంతే.

వోల్టేజ్ 380కి పడిపోతే అదే లోడ్‌కి మోటార్ 15 ఆంప్స్ దాటుతుంది, కేబుల్ అందుకు తగ్గట్టు తీసుకోండి. నేమ్‌ప్లేట్ మీద ఆంప్స్ ఉంటే నా లెక్క పక్కన పెట్టి అదే నమ్మండి. ఇంకోటి, స్టార్-డెల్టా స్టార్టర్‌లో (మోటార్‌ని మొదట తక్కువ కరెంట్‌తో స్టార్ట్ చేసేది) ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే మోటార్‌ని ఆపేసేది) సాధారణంగా వైండింగ్ వైపు ఉంటుంది. అలా ఉంటే రిలే గుండా లైన్ కరెంట్‌లో కొంత వంతే పోతుంది కాబట్టి, దాన్ని 14కి కాదు, అందులో 0.58 వంతుకి, అంటే 8 దగ్గర సెట్ చేయించండి.