చిన్నీ, ఆ డబ్బు అప్పుడే కట్టేయకు

చిన్నీ,

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, ఇంకొక్క గదే మిగిలిందట, ఇప్పుడే కట్టేయనా?" అని అడిగావు. నీ గొంతులో టెన్షన్ వినిపించింది. ఆగమన్నాను కానీ ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఉద్యోగరీత్యా ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగినదాన్ని. హోటళ్ల దగ్గర అనవసరంగా పోయిన డబ్బు ఎక్కడెక్కడ పోయిందో నాకు బాగా గుర్తు. నీది అలా పోకూడదని నా ఆరాటం.

ముందు బుకింగ్ సైట్లో ఎర్ర అక్షరాలతో కనబడే ఆ "ఒక్క గదే" సంగతి. ఆ సైటుకు హోటల్ ఇచ్చిన గదుల్లో ఒకటి మిగిలిందనో, నువ్వు చూస్తున్న రకంలో ఒకటి మిగిలిందనో దానికి అర్థం కావచ్చు. హోటలంతా నిండిపోయిందని కాదు. ఇలా తొందరపెట్టే పద్ధతి మీద బ్రిటన్‌లో వ్యాపారాల మధ్య పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ విచారణ జరిపితే, 2019లో బుకింగ్ డాట్ కామ్, ఎక్స్‌పీడియా, అగోడాతో సహా ఆరు సైట్లు తీరు మార్చుకుంటామని మాటిచ్చాయి. కాబట్టి ఆ ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడకు. అదే హోటల్‌ను ఇంకో సైట్లో చూడు, హోటల్ సొంత సైట్లోనూ చూడు. నిజంగా గదులు అయిపోతున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో సైట్ అన్నానని బుకింగ్ డాట్ కామ్, అగోడా పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూశాననుకోకు. ఆ రెండూ ఒకే కంపెనీవి. ప్రైస్‌లైన్, కయాక్ కూడా వాళ్లవే. ఎక్స్‌పీడియా, హోటల్స్ డాట్ కామ్ మరో ఇంటివి. ఒక్కో కుటుంబం నుంచి ఒకటి చూస్తే చాలు. ధరలు పోల్చి చూపించే సైట్లలో పైన కనబడేదే చవక అని కూడా నమ్మకు. ట్రివాగో సైట్లో అలా పైన పెట్టినవి చాలాసార్లు అన్నిటికంటే చవకైనవి కావనీ, ఒక్కో క్లిక్కుకు ఏ బుకింగ్ సైటు ట్రివాగోకు ఎంత చెల్లిస్తుందన్నదీ లెక్కలోకి వచ్చిందనీ ఆస్ట్రేలియా కోర్టు తేల్చింది. 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. కిందిదాకా చూడమ్మా, రెండు నిమిషాల పనే.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకో: రద్దు చేసుకునే వీలున్న గదినే తీసుకో. ప్రయాణం ఖాయమనుకోగానే, ఉచితంగా రద్దు చేసుకోవచ్చు, డబ్బు హోటల్లోనే కట్టొచ్చు అని ఉన్న గది ఒకటి బుక్ చేసి పెట్టు. అప్పటినుంచి నీకు దిగులు లేదు. గది చేతిలో ఉంది, పైసా కట్టలేదు. ఇక వారానికోసారి అదే గది ధర చూస్తూ ఉండు. రద్దు గడువు దగ్గరపడిన రెండు మూడు రోజుల్లో రోజూ చూడు. చాలామంది నాలాగే పట్టిపెట్టుకున్న గదులు ఆ రోజుల్లోనే వదిలేస్తారు, హోటల్ వాళ్లు ధర తగ్గించే అవకాశం ఉంటుంది. తగ్గితే ముందు కొత్తది బుక్ చెయ్, తర్వాతే పాతది రద్దు చెయ్. ఈ వరస తప్పకూడదు. రద్దయినట్టు వచ్చిన మెయిల్ దాచుకో. గడువు టైము హోటల్ ఉన్న చోటి గడియారం ప్రకారం లెక్క, నీ ఫోన్ చూపించే టైము కాదు. అందుకే నేను ఒక రోజు ముందుకే అలారం పెట్టుకుంటాను.

"రద్దు కుదరదు కానీ తక్కువకే ఇస్తాం" అనే ధర నిన్ను ఊరిస్తుంది, తెలుసు. అది పదోవంతు తక్కువనుకుందాం. నూరుకు తొంభై. పది ప్రయాణాలకు తొమ్మిది వందలు కడతావు. వాటిలో ఒక్క ప్రయాణం ఆగిపోయిందనుకో, రద్దు వీలున్న గదులైతే తొమ్మిదికే కడతావు, అప్పుడూ తొమ్మిది వందలే. రెండు ఆగిపోతే నష్టమే. పైగా మధ్యలో ధర తగ్గినా ఆ తగ్గింపు నీకు అందదు. రేపో ఎల్లుండో ప్రయాణం, వెళ్లి తీరతానన్న ధీమా ఉంటే తీసుకో. నీ ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది, వద్దు.

ధర చూసేటప్పుడు మొదట కనబడే అంకెను పట్టించుకోకు. డబ్బు కట్టే చివరి పేజీదాకా వెళ్లి మొత్తం చూడు. పన్నులు, సర్వీసు చార్జీ, కొన్నిచోట్ల హోటల్ సౌకర్యాల పేరుతో వేసే రిసార్ట్ ఫీజు, ఇళ్లు అద్దెకిచ్చే సైట్లలో శుభ్రం చేసినందుకు చార్జీ, అన్నీ అక్కడే బయటపడతాయి. అమెరికాలో తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలని 2025 మే నుంచి రూలు వచ్చింది. అన్ని దేశాల్లోనూ అలా లేదు. ఆ తర్వాత ఒక కాగితం తీసుకుని పక్కన మూడు అంకెలు వెయ్: రోజూ రానుపోను ఖర్చు, మీ నలుగురి బ్రేక్‌ఫాస్ట్, కారుంటే పార్కింగ్. ఊరి చివరి గది ఎంత చవకో అప్పుడు తెలుస్తుంది. నేను ఈ లెక్క వేసినప్పుడు ప్రతిసారీ మొదటి స్థానం మారదు కానీ, రెండో మూడో హోటలే చవకని తేలిన సందర్భాలు ఎన్నో.

తర్వాత హోటల్‌కు ఫోన్ చెయ్. ఇది నీకు మొహమాటంగా ఉంటుందని తెలుసు. కానీ బుకింగ్ సైట్లు హోటల్ దగ్గర సుమారు పదిహేను శాతం, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ కమిషన్ తీసుకుంటాయి. నువ్వు నేరుగా వస్తే అది వాళ్లకు మిగులు, అందులో కొంత నీకు ఇవ్వడానికి ఒప్పుకునే అవకాశం ఉంటుంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, ఖాళీ చేసేవాళ్లు వెళ్లిపోయి కొత్తవాళ్లు ఇంకా రాని సమయంలో చెయ్. కాల్ సెంటర్‌కు కాదు, ఆ హోటల్‌కే. "మీ గది ఫలానా సైట్లో పన్నులతో కలిపి ఇంతకు చూశాను. మీ దగ్గరే బుక్ చేసుకోవాలని ఉంది. ఏమైనా చూడగలరా?" అని అడిగి ఊరుకో. వెంటనే నువ్వే మాట్లాడేయకు, వాళ్లను కంప్యూటర్లో చూడనీ. ధర తగ్గించలేమంటే బ్రేక్‌ఫాస్ట్ కలుపుతారా, సాయంత్రం దాకా గది ఉంచుకోనిస్తారా అని అడుగు. ఒప్పుకున్నది మెయిల్లో పంపమను. మ్యారియట్, హిల్టన్ లాంటి పెద్ద చైన్ హోటళ్లకైతే రాతపూర్వక హామీయే ఉంది. వాళ్ల సొంత సైట్లో బుక్ చేసిన 24 గంటల్లోపు అదే గది, అవే తేదీలు, అవే షరతులతో బయట తక్కువకు కనబడితే ఆ ధరకిచ్చి పైన ఇంకొంత తగ్గిస్తారు. షరతుల్లో ఒక్కటి తేడా ఉన్నా ఒప్పుకోరు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

తేదీల్లో ఒక్క రోజు అటూ ఇటూ జరపగలవేమో చూడు. ఆఫీసులున్న ప్రాంతాల్లో శని, ఆదివారాలు చవక, విహారానికి వెళ్లే చోట్ల వారం మధ్యలో చవక.

ఇక నాకు జరిగింది ఒకటి చెప్పాలి. ఓసారి 13వ తేదీ అర్ధరాత్రి దాటి 14 మొదలయ్యాక, ఒంటిగంటకు విమానం దిగాను. 14కే గది బుక్ చేశాను కదా అని నిబ్బరంగా కౌంటర్ దగ్గరికి వెళ్లాను. ఆ కుర్రాడు కంప్యూటర్ చూసి, "మేడమ్, మీ గది ఈ రోజు మధ్యాహ్నం నుంచి" అన్నాడు. అర్ధరాత్రి దాటాక దిగేవాళ్లు ముందురోజు తేదీకి బుక్ చేయాలని అప్పుడు తెలిసింది. ఆ రాత్రికి విడిగా, కౌంటర్ దగ్గర చెప్పిన ధర పెట్టి కట్టాను. నీ విమానం కూడా రాత్రి పన్నెండున్నరకే దిగుతుందన్నావు. కాబట్టి ముందురోజు నుంచి బుక్ చెయ్, ఆలస్యంగా వస్తామని హోటల్‌కు మెయిల్ పెట్టు. చెప్పకపోతే రాలేదనుకుని మిగతా రాత్రుళ్ల బుకింగ్ కూడా తీసేసే ప్రమాదం ఉంది.

కార్డు గీసేటప్పుడు "మీ దేశపు కరెన్సీలో కడతారా?" అని మెషీన్ అడిగితే వద్దను, అక్కడి కరెన్సీలోనే కట్టు. మారకానికి వాళ్లు వేసే రేటు సాధారణంగా మన బ్యాంకు రేటు కంటే భారంగా ఉంటుంది. డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపి ఉంచుతారు కాబట్టి డెబిట్ కార్డు ఇవ్వకు, ఖర్చులకు దాచుకున్నది ఇరుక్కుపోతుంది. బుకింగ్ పేరు చెప్పి కార్డు వివరాలు మళ్లీ పంపమని ఏ మెసేజ్ వచ్చినా, ఎంత నిజంలా కనిపించినా లింకు నొక్కకు. హోటల్‌కు ఫోన్ చేసి కనుక్కో.

ఈ రాత్రికి నువ్వు చేయాల్సింది రద్దు వీలున్న గది ఒకటి పట్టిపెట్టడమే. చివరి పేజీ స్క్రీన్‌షాట్ నాకు పంపు, మొత్తం ధర, రద్దు గడువు రెండూ కనబడేలా. ఆదివారం నేను కూడా కూర్చుని చూస్తాను. ఫోన్ చేయడానికి మొహమాటంగా ఉంటే నన్ను కూడా లైన్లోకి తీసుకో, కలిసి మాట్లాడదాం.

ప్రేమతో,
పెద్దమ్మ