ట్యాలీ వచ్చన్నా ఉద్యోగం రావట్లేదు

ప్రశ్న: బీకాం అయి రెండేళ్లయింది. ట్యాలీ కోర్సు చేశాను. అకౌంటెంట్ పోస్టులకు ఆన్‌లైన్‌లో ఎన్నో దరఖాస్తులు పెట్టాను. రెండు చోట్ల పిలిచి, ‘2బీ మ్యాచింగ్ వచ్చా?’ అని అడిగి పంపేశారు. ఇంకో కోర్సులో చేరమంటారా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇప్పుడే మళ్లీ ఫీజు కట్టకండి. వాళ్లు అడిగిన పని ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

అమ్మినవారు జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్‌లో) చూపిన బిల్లులు, కొన్నవారి 2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్ ఇచ్చే కొనుగోలు బిల్లుల జాబితాలో, ప్రతి నెలా 14న వస్తాయి. వాటిని కొనుగోళ్ల రిజిస్టరుతో సరిచూసుకుని, నెలనెలా రిటర్న్ వేసేవారు 20లోగా 3బీ (పన్ను లెక్కగట్టి కట్టే రిటర్న్) వేయాలి. ఈ సరిచూడటమే 2బీ మ్యాచింగ్. 2బీలో లేని బిల్లుకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) రాదు. ఆ మేరకు యజమాని చేతి డబ్బు ఆగిపోతుంది. అందుకే ముందు ఇదే అడుగుతారు.

ఎక్సెల్‌లో రెండు షీట్లు తెరిచి, మొదటిది కొనుగోళ్ల రిజిస్టరు, రెండోది 2బీ అనుకుని, ఒకే 30 బిల్లులు రెండింట్లోనూ వేయండి: జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, విలువ, పన్ను. రెండో షీట్లో కావాలనే తప్పులు పెట్టండి. ఒక బిల్లు తీసేయండి, ఇంకోదాని పన్ను మార్చండి, ‘0045’ని ‘45’ చేయండి. ఇప్పుడు వీలుక్అప్ (VLOOKUP, ఒక షీట్లోది ఇంకో షీట్లో వెతికే ఫార్ములా) వేయండి. కొత్తవాళ్లు తడబడేది ఆ సున్నాల దగ్గరే: బిల్లు కళ్లెదుటే ఉన్నా దొరకలేదంటుంది. ముందున్న సున్నాలు, ఖాళీలు తీసేసి మళ్లీ వేయాలి. బిల్లు నంబరు ఒక్కటే పెట్టుకుని వెతికితే ఇద్దరు వ్యాపారుల ‘45’లు కలగాపులగమవుతాయి, జీఎస్టీ నంబరుతో కలిపి వెతకండి.

బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంటును మన ఖాతా పుస్తకంతో సరిచూడటం) కూడా పట్టుకోండి. ట్యాలీ ప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్ ఉచితమే. 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు పడతాయి గానీ సాధనకు చాలు.

రెజ్యూమెలో ‘ట్యాలీ, ఎక్సెల్ వచ్చు’ కొట్టేసి, ‘2బీని కొనుగోళ్లతో పోల్చి తేడాల జాబితా తీయగలను’ అని రాయండి. రెండేళ్ల ఖాళీ గురించి అడిగితే దాచొద్దు, ఆ జాబితా ముందుపెట్టండి.

వెతికే చోటూ మార్చాలి. సీఏ ఆఫీసులు, జీఎస్టీ ప్రాక్టీషనర్లు, మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ వ్యాపారుల దగ్గరకు నేరుగా వెళ్లండి. 7న టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ గడువులు గనుక ఆ రోజుల్లో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. 21 దాటాక, తేడాల షీటు ప్రింటు పట్టుకుని వెళ్లండి. జీతం మాట్లాడుకునేటప్పుడే రిటర్న్ పని చేయనిస్తారా అని అడగండి. ఏడాది పొడుగునా బిల్లులు ఫైల్లో పెట్టించే చోట చేరితే, ఇదే ప్రశ్న వచ్చే ఇంటర్వ్యూలోనూ ఎదురవుతుంది.