ఒకే యానిమేషన్ కామెడీ మీద ఒకే ఇంట్లో ఇన్ని అభిప్రాయాలెందుకు?

ఇలాంటి ఫ్యామిలీ కామెడీలో పిల్లలకొక హాస్యం, పెద్దలకొక హాస్యం కలిపి రాస్తారు కాబట్టి, ఎవరు ఏది ఆశించి కూర్చున్నారో దాన్ని బట్టి తీర్పు మారుతుంది. 2004లో వచ్చిన పిక్సార్ సినిమా ‘ది ఇంక్రెడిబుల్స్’నే తీసుకోండి. మహబూబ్‌నగర్‌లో టీవీ ముందు కూర్చున్న పిల్లగాడికి అది సూపర్‌హీరోల ఉరుకులాట. పక్కనున్న నాయనకు మాత్రం బీమా ఆఫీసులో ఇరుక్కుపోయి, పాత రోజులు తలచుకునే ఉద్యోగి గోస. డబ్బింగ్‌లో మాటల చమత్కారం జారిపోతే పెద్దలకు ఆ రుచి ఇంకా తగ్గుతుంది. ‘బొమ్మల సినిమా పోరగాళ్లకే’ అనుకోవడమే అసలు పొరపాటు. యానిమేషన్ అనేది సినిమా తీసే పద్ధతి. మన సెన్సార్ బోర్డు కూడా బొమ్మలను కాదు, విషయాన్ని చూసే యు, యుఏ సర్టిఫికెట్ ఇస్తుంది.