‘వందే మీనాక్షి’ వెనకున్న ఐరిష్ ట్యూన్‌కి అసలు రూపం ఏది?

అవునండీ, మీరు విన్నది నిజమే. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాల్లో (అంటే పాశ్చాత్య బాణీలకి ఆయన సంస్కృత సాహిత్యం కట్టిన చిన్న పాటల్లో) ‘వందే మీనాక్షి’ బాణీ ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ ట్యూనే. మీకు దొరికిన ఫిడిల్ రికార్డింగులు ఒకదానితో ఒకటి కలవడం లేదని, కొన్నిటికి రీల్ అనీ కొన్నిటికి పోల్కా అనీ (రెండూ నాట్యానికి వాయించే నడకలే) పేరుందని, ఏది అసలుదో చెప్పమనీ అడిగారు. చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం మీద ఐర్లండ్‌లోని కార్క్ వచ్చాక ఇక్కడి ఫిడిల్ వాళ్ల పక్కన కూర్చుని వాయిస్తున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మాలో అనేది కార్క్ కౌంటీలో బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఉన్న ఊరు. 18వ శతాబ్దంలో అక్కడి ఊటనీళ్లు ఒంటికి మంచివని డబ్బున్నవాళ్లు వచ్చి మకాం వేసేవారు. తాగి, చిందులేసి, కిటికీ అద్దాలు పగలగొట్టే కుర్రకారు మీద కట్టిన పాట ఇది. ట్యూన్ 1740ల్లో లండన్‌లో అచ్చయిన బర్క్ థుమోత్ సంకలనంలో ఉంది. అలాగని అచ్చయిన ఏడాదే అది పుట్టిన ఏడాది అనుకోకండి. ఈ ట్యూన్లు చెవిన పడి చేతికెక్కినవి, పుస్తకాల్లోకి తర్వాతెప్పుడో చేరాయి. స్కాట్లాండ్ వైపు దీనికి ‘శాండీ లెంట్ ద మ్యాన్ హిజ్ మల్’ అని ఇంకో పేరుంది. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర హెడింగ్టన్ క్వారీ ఊళ్లో మోరిస్ అనే జానపద నాట్యం ఆడేవాళ్లు ‘రిగ్స్ ఆఫ్ మార్లో’ పేరుతో దీనికి కర్రలు పట్టుకుని ఆడతారు. 1899 క్రిస్మస్ మర్నాడు, జానపద పాటలూ నాట్యాలూ సేకరించిన సెసిల్ షార్ప్ చూసిన నాట్యాల్లో అదీ ఒకటి.

ఇన్ని చోట్ల తిరిగినా చెక్కుచెదరనిది మొదటి వరస. G ని షడ్జం అనుకుంటే ‘సగ సగ సగ మగరి’, ఆ వెంటనే ‘నిరి నిరి నిరి గరిస’. అంతే. ఇది వినపడిందంటే ట్యూన్ అదే, పేరు ఏదైనా సరే.

రీలా, పోల్కానా అన్నది నడకలో తేడా. రీల్‌గా వాయించేవాళ్లు స్వరాలు ఎడతెగకుండా నింపుకుంటూ పోతారు. నేను పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ‘సగ సగ’ల మధ్య రిషభాన్ని దూర్చి ‘సగరిగ’ అంటారు, అదీ ఒక్కో ఆవృత్తిలో ఒక్కోలా. కార్క్, కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూఖ్రా ప్రాంతం పోల్కాలకి పెట్టింది పేరు. ఆ పద్ధతిలో స్వరాలు తక్కువే, కానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య విల్లుతో ఒక చిన్న తోపు ఉంటుంది. కాళ్లు కదిలేది దానికే. నన్నడిగితే ఈ ట్యూన్‌కి పోల్కా నడకే బాగా నప్పుతుంది.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఐరిష్ ఫిడిల్ శ్రుతిలో ఆ G (మన షడ్జం) ఒక తీగ మీద మూడో వేలు, B (మన గాంధారం) పక్క తీగ మీద మొదటి వేలు. కాబట్టి ‘సగ సగ’ అన్నప్పుడల్లా విల్లు రెండు తీగల మధ్య ఊగాల్సిందే, మణికట్టు తిరుగుతూనే ఉంటుంది. మన స-ప-స-ప శ్రుతిలో షడ్జం ఖాళీ తీగ, గాంధారం అదే తీగ మీద. విల్లు కదలకుండా నిలబడుతుంది, ‘నిరి’ దగ్గరే తీగ మారుతుంది. ఒకే స్వరాలు, ఇక్కడ చిందులా, అక్కడ ప్రార్థనలా వినపడడానికి వేగం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఉంది.

దీక్షితులవారి కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో అక్కడి కోటలోని ఇంగ్లీషువాళ్ల బ్యాండు సంగీతం ఆయన చెవిన పడింది. శంకరాభరణానికి సరిపోయే ఆ బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టారు. సుబ్బరామ దీక్షితులు 1905లో తెలుగులో వేసిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో నొట్టుస్వరాలు ఉన్నాయి, వీలైతే చూడండి.

కాబట్టి రికార్డింగుల్లో ఏది అసలుదని వెతకొద్దు. ముందు ‘వందే మీనాక్షి’ నోటితో పాడుకోండి, తర్వాత పోల్కా రికార్డింగు ఒకటి, రీల్ రికార్డింగు ఒకటి వినండి. మొదటి రెండు వరసలు మీకే దొరుకుతాయి. ఆ తర్వాత వచ్చే భాగంలో తేడాలు ఎక్కువ, అక్కడ మీకు నచ్చిన వాయిద్యగాడిని ఒకరిని పట్టుకుని ఆయన దారిలోనే నేర్చుకోండి.