కొల్లేరు వ్యాసం చదివాక

తమ్ముడూ,

కొల్లేరు సరస్సు నీళ్లు పాడవడం మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘విషం’ అనే మాట తొమ్మిది చోట్ల వాడావు. తొమ్మిదీ కొట్టేశాను, నొచ్చుకోకు. నేనూ ఒకప్పుడు అలాగే రాసి, కైకలూరు దగ్గర ఒక చేపల రైతుకు చదివి వినిపించాను. మేం చెరువులో వేసేది మేతే కదండీ అని నవ్వేశాడాయన. నిజమే. యూరియా, సూపర్ ఫాస్ఫేట్, కోళ్ల పెంట, తవుడు అన్నీ ఎవరో ఒకరికి తిండే.

ఆ తిండి వెంటే నడువు. నీటికి పచ్చరంగు రావాలనే రైతు ఎరువు వేస్తాడు. ఆ రంగు మీదే బొచ్చె, శీలావతి చేపలు పెరుగుతాయి. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు కాలవలోకి వదులుతారు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చిన పొలాల ఎరువు, ఊళ్ల మురుగు తోడైతే సరస్సులో పాచి కడుతుంది. డాఫ్నియా లాంటి, కంటికి ఆనీ ఆనని జీవులు మామూలు నాచును మేస్తాయి. ఎరువు మితిమీరితే మాత్రం నీలి ఆకుపచ్చ నాచుదే రాజ్యం. అది జిగురు ముద్దలుగా, దారాలుగా పెరుగుతుంది, డాఫ్నియా నోటికి పట్టదు. నీళ్లనిండా పచ్చగా తిండి కనిపిస్తుంటుంది, మేసేవాళ్లు పస్తు. డాఫ్నియా తగ్గితే దాన్ని తిని బతికే చేపపిల్లలకూ కరువే. నీ కథంతా ఇక్కడుంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

ఫొటోలు మధ్యాహ్నం తీసినట్టున్నావు. ఈసారి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లు. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. అడుగున కుళ్లిన నాచును తినే బ్యాక్టీరియా మిగిలింది లాగేస్తుంది. పొద్దు పొడవకముందు పరిగె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. చెవి పెడితే, మూతపెట్టిన గిన్నెలో అన్నం ఉడుకుతున్నట్టు చిన్న చప్పుడు. అవే నీళ్లలో కొర్రమీను, మార్పు అనే చేపలు మాత్రం టెన్షన్ లేకుండా తిరుగుతాయి. అవి పైకొచ్చి గాలి మింగగలవు మరి.

భాస్వరం మీద నీ రెండు పేరాల రసాయనశాస్త్రం ఎవరూ చదవరు. 1973లో కెనడాలోని ఆంటారియోలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును నడుమ తెరకట్టి రెండు చేసింది. ఒక సగంలో నత్రజని, కార్బన్ వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరమూ వేశారు. ఆ సగమే పచ్చబడింది. ఇంతే రాయి, చాలు.

గూడబాతులు ఆకలితో చస్తున్నాయన్నావు. ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి చూశావా? పక్కనే చేపల చెరువులుండగా వాటికి ఆకలేంటి! జాలి కోసం పక్షిని తేకు.

‘జీవవైవిధ్యం’ అన్న చోటల్లా చేపల పేర్లు పెట్టు. మీ అమ్మమ్మది ఆకివీడన్నావుగా. ఆవిడ చిన్నప్పుడు వండిన చేపల్లో ఏవి ఇప్పుడు సంతకు రావట్లేదో అడిగి, ఆ జాబితాతో మళ్లీ రాసి పంపు.

మీ అన్నయ్య