గుడ్ ఫ్రైడే ప్రసంగంలో గాయాలతో పాటు అవమానం కూడా చెప్పాలంటే

కందుకూరు బ్రదర్ గారూ, మీకిచ్చిన పదిహేను నిమిషాలూ కొరడాలు, మేకులతోనే నిండిపోతున్నాయనీ, అవమానం గురించి ఎలా చెప్పాలో తెలియట్లేదనీ రాశారు.

ముందు మార్కు సువార్త 15వ అధ్యాయం తెరిచి పెన్సిలుతో గీతలు పెట్టండి. కొరడా దెబ్బలు, సిలువ వేయడం పొట్టిగా ముగుస్తాయి. ఎగతాళికి మాత్రం 16 నుంచి 20, మళ్లీ 29 నుంచి 32 వచనాలు: ఊదారంగు వస్త్రం, ముళ్ల కిరీటం, రెల్లుతో తలమీద కొట్టడం, ఉమ్మేయడం, ఉత్తుత్తి దండాలు. సువార్తికుడు ఆగినచోటే మీరూ ఆగండి. గాయాలకు మూడు నిమిషాలు చాలు. రక్తం వర్ణన ఎక్కువైతే జనం ఏడుస్తారు గానీ అది జాలి దగ్గరే ఆగిపోతుంది.

రోమన్లు ఈ సిలువ శిక్ష ఎక్కువగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసేవాళ్లు. బట్టలు ఊడదీసి, నలుగురూ నడిచే దారి పక్కనే. మన బొమ్మల్లో నడుముకి గుడ్డ ఉంటుంది కాబట్టి ఇది చాలామందికి తట్టదు.

తర్వాత హెబ్రీ 13:12, 13 చదవండి: యేసు గవిని వెలుపల, అంటే పట్టణ ద్వారం బయట, శ్రమపడ్డాడు. మన పల్లెల్లో ఊరు వేరు, దళితులుండే పాలెం వేరు. పాలెంలో పుట్టినవాళ్లకి ఈ వచనం విడమర్చక్కర్లేదు. నెమ్మదిగా రెండుసార్లు చదివితే చాలు.

ఒక్క జాగ్రత్త. "ఆయన భరించాడు, మీరూ భరించండి" అనొద్దు. ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషికి అది నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తుంది. తప్పు అవమానించినవాళ్లది, పడ్డవాళ్లది కాదని పైకే చెప్పండి. పునరుత్థానాన్ని ఆదివారానికే వదిలేయకుండా చివరి రెండు నిమిషాలు దానికి ఉంచండి. లోకం వేసిన ఆ అవమానపు ముద్రను తండ్రి కొట్టేసింది అక్కడే.