మీరు అడిగారు: మూడు గంటల పాటు గంటలు

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడి చర్చికి ఏదో యానివర్సరీ అని మొన్న మూడు గంటల పాటు గంటలు కొట్టారంట (రాస్తుంటే నాకే తికమకగా ఉంది ఈ గంటలతో), టవర్ రిపేర్‌కి డబ్బులు కూడా పోగయ్యాయంట. వీడియో చూస్తే పాటలా లేదు, ఒకటే గడబిడ. వచ్చే ఏడాది మా చర్చికి నూరేళ్లు, మేమూ ఇలా చేయొచ్చా? మాకున్నది ఒక్క గంటే. – ఒక పాఠకురాలు, మారేడ్‌పల్లి

జవాబు: గడబిడ కాదండీ, లెక్క! అక్కడ ఒక్కో గంటని పెద్ద చక్రానికి బిగిస్తారు, తాడు లాగితే గంట మూతి పైకొచ్చేదాకా నిండా ఒక చుట్టు తిరుగుతుంది, అంత బరువు ఊగుతుంటే మనిష్టం వచ్చినప్పుడు మోగించడం కుదరదు కదా, అందుకే ట్యూన్ జోలికి పోకుండా, గంటలు ఒకదాని తర్వాత ఒకటి మోగే వరస మారుస్తారు, ప్రతిసారీ ఏ గంటైనా ఉన్నచోటే ఉండాలి, లేదంటే ఒక్క స్థానమే ముందుకో వెనక్కో జరగాలి, ఒకసారి వచ్చిన వరస మళ్లీ రాకూడదు. మోగే గంటలు ఏడుంటే ఇలా 5,040 వరసలు వస్తాయి, వరసకి రెండు సెకన్లు వేసుకోండి, మీవాడు చెప్పిన మూడు గంటలు అవే. కాగితం చూడరు, అంతా బుర్రలోనే. 1715లో నారిచ్ ఊళ్లో ఒక చర్చిలో ఈ 5,040 వరసల్నీ మొదటిసారి తప్పుల్లేకుండా పూర్తి చేశారు. మోగే గంటలు ఎనిమిదైతే 40,320 వరసలు, 1963లో లఫ్‌బరోలో ఎనిమిది మంది దాదాపు 18 గంటల సేపు, మధ్యలో మనిషిని మార్చకుండా లాగారు, తిండీ నిద్రా ఏమైపోయాయో మరి.

డబ్బులంటారా, అది మన వాక్‌థాన్ పద్ధతే, ఇంతసేపు మోగిస్తాం మీరెంతిస్తారు అని ముందే స్పాన్సర్లని పట్టుకోవడం.

ఒక్క గంటతో వరసలు మార్చలేరు గానీ నూరేళ్లకి నూరు దెబ్బలు కొట్టొచ్చు. దెబ్బకో సంవత్సరం, సంవత్సరానికో కుటుంబం. మీ చర్చి రిజిస్టర్లు బయటికి తీయండి, ఎవరి అమ్మమ్మ పెళ్లి ఏ ఏడు, ఎవరి నాన్న బాప్తిస్మం ఏ ఏడు అని వెతికితే ఆ ఏడు మాకంటే మాకని వాళ్లే వస్తారు. ఇద్దరొస్తే ఇద్దరి పేర్లూ చదవండి, వేలం మాత్రం పెట్టొద్దు, ఉన్నవాళ్లు లేనివాళ్లు అని సంఘంలో తేడాలొస్తాయి. దెబ్బకీ దెబ్బకీ మధ్య పది సెకన్లు ఇస్తే పావుగంట పైన కొంచెం పడుతుంది, పేరు చదవడానికి సరిపోతుంది. ముందుగా గంట వేలాడే దూలాన్ని ఇంజినీర్‌కి చూపించండి, యూత్ వాళ్లు వీడియో చూసి మన గంటని కూడా గిర్రున తిప్పేద్దాం అంటే అస్సలు ఒప్పుకోకండి, మన గంటలు ఎక్కువగా కొంచెం ఊపడానికో సుత్తితో కొట్టడానికో కట్టినవి. ప్రతి రూపాయికీ రసీదు రాయండి. చుట్టుపక్కల ఇళ్లకి టైమ్ చెప్పండి, పిల్లల పరీక్షల రోజులు వద్దు.

ఆ చక్రం గంటలు కళ్లారా చూడాలంటే ఇంగ్లండ్ దాకా ఎందుకు, పుణేలో హోలీ నేమ్ కెథడ్రల్‌లో ఎనిమిది ఉన్నాయి. శతాబ్దికి శతాబ్ది ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయి రండి.

ప్రశ్న: యుద్ధంలో పోయినవాళ్ల కోసం కొట్టే గంట ఒకసారి గట్టిగా, ఒకసారి దూరంగా ఉన్నట్టు వినిపిస్తుంది, రెండు గంటలా? – తార్నాక

జవాబు: ఒకటే. గంట నాలుకకి ఒక వైపు మాత్రం తోలు మెత్త కడతారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి నూరేళ్లయిన 2018 నవంబర్ 11న కొట్టడానికి బ్రిటన్‌లో కొత్తగా 1,400 మందికి గంటలు కొట్టడం నేర్పాలని పెట్టుకున్నారు, ఎందుకు 1,400 అంటే గంటలు కొట్టేవాళ్లలో ఆ యుద్ధంలో చనిపోయినవాళ్లు దాదాపు అంతమంది.